మోదమ్మ వంతు

అనకాపల్లి,
9-8-1963

నా ప్రాణమైన గుల్జార్ ఆపాకు,

నీ కూతురి నిశ్చితార్థానికి రాలేదని కోపంగా ఉన్నావట. జ్వరమని కబురు పంపాను. అది అబద్ధం. నీ మొహం చూడలేక రాలేదు.

నా పనేమిటో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. ఇంట్లో ఫోను మాటను అందుకుంటుంది, స్తంభాల మీది తీగ మోస్తుంది. ఊళ్లో తీగలన్నీ ఎక్స్ఛేంజిలో నా బోర్డు దగ్గరికొచ్చి ఆగుతాయి. అక్కడ నేను ప్లగ్గు పెట్టి ఒకరిని ఒకరితో కలుపుతాను. విశాఖకు మాత్రం ఒక్కటే ట్రంకు లైను. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వంతు కోసం ఆగాలి. ఫోనుకీ తీగకీ ఎవరి మాటైనా ఒకటే. వంతు తప్పించగలిగేది నేనొక్కదాన్నే.

పోయిన నెల మాకవరపాలెం అవతలి కొండ ఊరినుంచి మోదమ్మ అనే ఆమె ఎక్స్ఛేంజికి వచ్చింది. విశాఖ ఆసుపత్రిలో ఆమె భర్త పోతన్నకి పదకొండుకి ఆపరేషను. పదిన్నరకి ఆయన్ని ఫోను దగ్గరికి తీసుకొస్తామని నర్సు మాటిచ్చిందట. కాల్ బుక్ చేసి బల్ల అంచున కూర్చుంది. సరిగ్గా పదిన్నరకి విశాఖనుంచి నీ కాల్ వచ్చింది. "తర్వాత చెయ్యి ఆపా" అనాల్సింది. అనలేదు. సంబంధం కుదిరిందన్నావు. పెళ్లికొడుకు ముక్కు గురించి మనిద్దరం ఎంత నవ్వుకున్నామో గుర్తుందా? అరగంట. ఆ తర్వాత మోదమ్మకి కలిపితే, పోతన్నని లోపలికి తీసుకెళ్లిపోయారన్నారు. ఆయన ప్రాణంతో బయటికి రాలేదు.

"లైను పాడైందమ్మా" అన్నాను ఆమెతో.

"తీగ తెగితే నువ్వేటి సేత్తావమ్మా? నీ తప్పేటుంది?" అంది.

నిన్న మళ్లీ వచ్చింది. ఆ రోజు మంచినీళ్లిచ్చానని మొక్కజొన్న పొత్తులు తెచ్చింది. ఒక్కటీ నోట పెట్టలేకపోయాను. ఈసారి వస్తే నిజం చెప్పేస్తాను.

నీ చెల్లెలు,
సర్వర్ జహాన్

20-9-1963

ఆపా,

"చెప్పకు, చెబితే పోయినవాడు తిరిగొస్తాడా?" అని రాశావు. నీ ఉత్తరం అందేలోపే చెప్పేశాను.

సంతకొచ్చిన మోదమ్మ నన్ను పలకరించాలని ఎక్స్ఛేంజికి వచ్చింది. అక్కడే, మెట్ల మీద, అంతా చెప్పాను. నీ ఫోను సంగతి చెప్పాను, మన నవ్వులూ చెప్పాను. క్షమిస్తుందనుకున్నాను. అందుకే చెప్పానేమో కూడా.

ప్లగ్గులు పెట్టే నా చేతులకేసి చూసింది.

"ఆయన బస్సెక్కిన రోజు గొడవాడుకున్నాం. నాను బస్సు కాడికి ఎల్లనేదు. కోపం నేదని ఆయనకి సెప్దామని ఆ రోజు వచ్చేను" అంది.

కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. "ఒగ్గీ. ఇన్నాళ్లూ తీగ తెగిందనుకుని ఏడిసేను. ఇప్పుడు నిన్ను తలుసుకుని ఏడవాల" అంది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

జరిగింది సూపర్‌వైజరుకి రాసిచ్చాను. నెల రోజులు బోర్డు ముట్టుకోనివ్వలేదు. నిన్నటినుంచి మళ్లీ కూర్చుంటున్నాను.

పెళ్లి కబుర్లు ఉత్తరంలో రాయి ఆపా. డ్యూటీలో ఉండగా ఫోను చేస్తే నీతో మాట్లాడను. నీ గొంతు వినిపించగానే లైను తీసేస్తాను.

సర్వర్