నా పెండ్లికి నేనే అడ్డం చెప్పాను

22 జనవరి 1956, ఆదివారం, మధ్యాహ్నం

అడిగినదానికి జవాబు చెప్పడం తప్పా? ఈ నోటుపుస్తకం ఎవరి చేతికి చిక్కినా సరే, ముందు దీనికి బదులు చెప్పి, తర్వాత పేజీ తిప్పు.

ఈ ఉదయం నంద్యాల మిషన్ గుడిలో నా పెండ్లికి మొదటి ప్రకటన. మూడు ఆదివారాలు చదివితేనే మా సంఘంలో పెండ్లి. పత్తిమిల్లు ఫిట్టరు ఆమోసుకూ ఆళ్లగడ్డ మిషన్ బడి టీచరు లూదియాకూ వివాహం నిశ్చయమైంది, అడ్డం ఏదైనా ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పాలి అని పాస్టరు అయ్యగారు చదివారు. నాకు తెలుసు. లేచాను.

చెప్పాను. నాకు మనుషుల ముఖాలు చదవడం రాదు. సగం మాట నోటితో, సగం కండ్లతో చెప్పేవాళ్ల దగ్గర నోటి సగమే నాకు చేరుతుంది. పాట బాగాలేకపోతే బాగాలేదనే అంటాను. వంటింట్లో గిన్నె పడితే కంచం వదిలి బయటికి పోతాను. మిల్లు మోత అయినా ఓర్చుకుంటాను, అది రోజంతా ఒకే తీరు; గిన్నె చెప్పి పడదు. ఎవరైనా ఏడిస్తే ఏం చేయాలో తెలియక నిలబడిపోతాను. నాతో కాపురం చేసే మనిషికి ఇది అడ్డమే అన్నాను.

మూడు వందల మంది. అందరూ నవ్వారు. రెండో బెంచీలో ఉన్న లూదియాను వాళ్లమ్మ సుగుణమ్మ రెక్క పట్టుకొని పక్క తలుపులోంచి తీసుకుపోయింది. పోతూ లూదియా నా వైపు చూసింది. అది ఏం చూపో తెలియదు.

గుడి వెనక గది వెస్ట్రీలో అయ్యగారు తల పట్టుకున్నారు. అది వాడుకగా అడిగే మాటప్పా, ముప్పై ఏండ్ల నా సర్వీసులో లేచినోడు లేడు, లేచినోడివి పెండ్లికొడుకువే అయితివి అన్నారు. జవాబు అక్కర్లేకపోతే అడగడమెందుకు అన్నాను. అవునుకూ కాదుకూ నడుమ ఏమీ పెట్టవద్దని ప్రభువు చెప్పిన చోటు తీసి చూపించాను. ఆయన చూడలేదు.

అదే రోజు, సాయంత్రం

ఫిబ్రవరి 15 భస్మ బుధవారం. ఆపైన ఈస్టరు దాకా ఉపవాస దినాలు, గుడిలో పెండ్లిండ్లు లేవు. ప్రకటన మళ్లీ మొదటి నుంచి చదవాలట. వచ్చే ఆదివారం మొదలుపెడితేనే మూడూ పూర్తవుతాయి. మొదలుపెట్టాలంటే లూదియా తన చేత్తో ఒప్పుకోలు చీటీ రాసి పంపాలి. ఇది అయ్యగారి షరతు. ఈస్టరు దాకా ఆగేది లేదు, కోయిలకుంట్ల కంపౌండరు సంబంధం కాచుకోని ఉంది అని సుగుణమ్మ బస్సెక్కుతూ చెప్పిందట.

ఆరు రోజులే ఉన్నాయి.

23 జనవరి, సోమవారం

మిల్లులో యంత్రాల మోతకు ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందరూ చేతులతోనే మాట్లాడతారు. పిడికిలి ఎత్తితే బెల్టు ఆపు. తెరిచిన అరచేయి ఎత్తితే నడిపించు. నుదుటి మీద వేలు పెడితే అర్థం కాలేదు, మళ్లీ చెప్పు. ఒక సైగకు ఒకటే అర్థం. పదేండ్లలో ఇక్కడ నేను ఒక్క పొరపాటు చేయలేదు. బీడీ విరామానికి బయటికి వస్తాం. అందరూ నోళ్లు తెరుస్తారు. నేను తప్పిపోతాను.

ఈ సైగలు నాకు నేర్పిన జిలాని ఈ రోజు నవ్వి నవ్వి చెట్టుకు ఆనుకున్నాడు. సొంత పెండ్లికి అడ్డం పడిన మొనగాడు నంద్యాల మొత్తం మీద నువ్వొక్కనివే పాదిరీ అన్నాడు. సంతల్లో వాక్యం చెబుతానని నాకు ఆ పేరు పెట్టాడు. మెచ్చుకుంటాండావా అని అడిగాను. సగం అన్నాడు. ఏ సగం అన్నాను. ఆయప్ప మళ్లీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఆ పిల్ల దగ్గరికి పోయి నోటితో అడుగుపో, ఈడ కూచుంటే ఏం తెలుస్తాది అన్నాడు. ఇది పూర్తిగా అర్థమైంది.

24 జనవరి

మిల్లు గేటు దగ్గర నన్ను చూసి నలుగురు లేచి నిలబడ్డారు. మర్యాద అనుకున్నాను, ఎగతాళి అని జిలాని చెప్పాక తెలిసింది.

25 జనవరి, బుధవారం

మా దెబోరా అక్క పొద్దున్నే మొదలుపెట్టింది. జ్వరంలో ఏదో వాగినాను అని చెప్పురా, అయిపోతాది అంది. జ్వరం లేదు గదక్కా అన్నాను. అబద్ధం గాదురా, సర్దుబాటు అంది. వేషధారణకు జనం పెట్టుకున్న ముద్దుపేరు అది! పేతురు కూడా చలిమంట దగ్గర ప్రభువును ఎరగనని సర్దుబాటే చేసుకున్నాడు, కోడి కూసింది అన్నాను. అక్క చేట విసిరేసింది.

సంతలో నిలబడి మూడు గంటలు ప్రసంగం చేయగలను. ఎదురు నిలిచి తర్కించేవాడికి వాక్యం వెంట వాక్యం ఇస్తాను. ఒక్క మనిషి పక్కన నిలబడి ఏం సమాచారం అంటే మాత్రం, ఏ సమాచారం కావాలని తిరిగి అడుగుతాను. అక్షరం నేర్పిన గురువు నాకు లేడు. బైబిలు పట్టుకొని నాకు నేనే నేర్చుకున్నాను. ముఖం కూడా అట్లా నేర్చుకోవచ్చనుకున్నాను. ముప్పై రెండేండ్లు వచ్చాయి. రాలేదు.

మోషేకు నాలుక మందం. దేవుడు అతనికి కొత్త నాలుక ఇవ్వలేదు. అతని బదులు మాట్లాడడానికి అన్న అహరోనును ఇచ్చాడు.

రేపు జెండా పండుగ, మిల్లుకు సెలవు. ఆళ్లగడ్డ పోతాను.

26 జనవరి, గురువారం, తిరుగు బస్సులో

సుగుణమ్మ వాకిట్లోనే మంచం వాల్చింది. రా నాయనా, మంచినీళ్లు తాగు, ఎండన పడి వచ్చినావు, మళ్లా ఎప్పుడన్నా తీరిగ్గా వద్దువులే అంది. ఎప్పుడన్నా అంటే ఏ రోజమ్మా అన్నాను. ఆమె చేతిలో చెంబు అరుగు బండ మీద ఠంగుమని పెట్టింది. చెవులు మూసుకున్నాను కానీ కదలలేదు.

అప్పుడు లూదియా బడిలో జెండా వందనం ముగించుకొని వచ్చింది. నన్ను చూసి గడప దగ్గర ఆగింది. కండ్లలో నీళ్లు. కండ్ల నీళ్లు ఒకటే, కారణాలు పది. ఊహించడం నాకు రాదు కాబట్టి అడిగాను: కోపమా, దుఃఖమా?

అడిగి తెలుసుకునేదా అది, ఏం మనిషివప్పా అని సుగుణమ్మ అరిచింది.

లూదియా కండ్లు తుడుచుకుంది. అడిగినారు గదమ్మా, నాయన నిన్ను ఒక్కసారన్నా అడిగినాడా అంది.

సుగుణమ్మ చెంబు తీసుకొని లోపలికి పోయింది.

రెండూనూ అని లూదియా నాకు జవాబు చెప్పింది. మీరు చెప్పినవన్నీ నాకు ముందే తెలుసు, మా బజారులో మీ ప్రసంగం ఇన్నప్పటి నుంచి ఏడాదిగా చూస్తానే ఉండా, అవి నాకు అడ్డం గాదు అంది. మరి కోపమెందుకు అన్నాను. నాకు చెప్పాల్సిన మాట మూడొందల మందికి చెప్పి, వాళ్లతో పాటు నాకూ ఇనిపిస్తిరి అంది.

నిజం చెప్పినందుకు నేను పశ్చాత్తాపపడను. ఎవరికి ముందు చెప్పాలో చూడలేదు. అది నా పాపం, నా ఒక్కడిదే. ఆమెతో అదే అన్నాను. ఆమె మళ్లీ ఏడ్చింది. ఏం చేయమంటావు అన్నాను. ఏం చేయొద్దు, పక్కన కూచోండి చాలు అంది. కూచున్నాను. ఇంత చిన్న పని అని ఇన్నేండ్లలో నాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత మిల్లు సైగలు మూడూ నేర్పాను. అరచేయి, పిడికిలి, నుదుటి మీద వేలు. బడిపిల్ల మాదిరి నవ్వుతూ నేర్చుకుంది. చీటీ రాస్తావా అని అడిగాను. అమ్మతో మాట్లాడాల, శనివారం లోపల చూద్దాం అంది. చూద్దాం అంటే ఎంత, శనివారం అంటే ఎన్ని గంటలకు అని అడగబోయాను. పిడికిలి ఎత్తింది. ఆపాను.

28 జనవరి, శనివారం, సాయంత్రం

చీటీ రాలేదు. నాలుగు బస్సులూ చూశాను. అయిపోయిందిరా అంటోంది అక్క. మౌనానికి అర్థం ఉంటుందట. నాకు మౌనం మౌనమే. ఆమె నోటి నుంచి గానీ చేతి నుంచి గానీ కాదు అని వచ్చేదాకా నేను కాదు అనుకోను. రేపు ముందు బెంచీలో కూచుంటాను. నవ్వేవాళ్లు నవ్వనీ.

29 జనవరి, ఆదివారం, గుడిలోనే, పాటల పుస్తకం చాటున, పెన్సిలుతో

లూదియా వచ్చింది. ఒక్కతే. చీటీ లేదు. రాయనివ్వలేదేమో, తెలియదు. అయ్యగారు ప్రకటనలు ముగిస్తున్నారు.

ఆడవాళ్ల వైపు నుంచి ఒక చేయి లేచింది. తెరిచిన అరచేయి. నా వైపు.

నుదుటి మీద వేలు పెట్టాను.

మళ్లీ ఎత్తింది. ఇంకా పైకి. నడిపించు అనే.

అయ్యగారికి మిల్లు భాష రాదు. నాకు వచ్చు. లేస్తున్నాను. అనబోయేది ఇదే:

అయ్యగారూ, పుస్తకం మూయకండి! ఆమెను అడగండి, నోటితోనే చెబుతుంది. మా పేర్లు చదవండి. ఈస్టరుకు కాదు, రేపు కాదు. ఈ రోజే. ఇప్పుడే చదవండి.