కారణం అడిగిన గడిలో

సుగుణా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్ళు. ఉదయం అమలాపురంలో వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకి వెళ్ళాను. పాదాల్లో నరాలు దెబ్బతిని కర్ర లేకుండా నడవలేకపోతున్నాను. ఆ సర్టిఫికెట్ ఉంటేనే పింఛను ఇస్తారు.

దరఖాస్తులో వైకల్యానికి కారణం రాయమన్నారు. ‘తాగుడు’ అని రాశాను. పక్కన కూర్చున్న, మామిడికుదురు నుంచి వచ్చినాయన తొంగి చూసి కంగారుపడ్డాడు.

“అలా రాస్తే ఇవ్వరండీ బాబూ. షుగరని రాసెయ్యండి.”

నేను తాగి పడుకుని పనికి వెళ్ళని రోజుల్లో పేపరాఫీసు నుంచి ఫోనొస్తే “ఆయనకి జ్వరమండీ” అని నువ్వు చెప్పేదానివి. ఆ జ్వరాలన్నీ గుర్తొచ్చాయి. రాసింది కొట్టెయ్యలేదు.

డాక్టరమ్మ చదివి తలెత్తింది. “ఇంకా తాగుతున్నారాండీ?”

“మానేసి మూడేళ్ళయిందండీ.”

వెనక వరసలోంచి ఒకాయన గట్టిగానే అన్నాడు. “తాగి కాళ్ళు పోగొట్టుకున్నోళ్ళకి కూడా పింఛనేటండీ!”

కర్ర పట్టుకుని లేచి ఆయనవైపు తిరిగాను. “ఆయ్, తాగేనండీ. ఇంట్లో ఇత్తడి బిందె అమ్ముకుని మరీ తాగేను. మానేసేను కూడా. కాళ్ళే బాగవలేదు. అందుకే వచ్చేను.”

గది నిండా జనం. చర్చిలో అందరి ముందూ నా సంగతి సాక్ష్యంగా చెప్పమని నువ్వు ఎన్ని ఆదివారాలు మోచేత్తో పొడిచినా లేవని మనిషిని నేను.

డాక్టరమ్మ పాదంలో సూది గుచ్చి తెలుస్తోందా అని అడిగింది. తెలియలేదన్నాను. రాసుకుంది. సర్టిఫికెట్ ఇచ్చేదీ లేనిదీ తర్వాత చెబుతారట. ఇవ్వకపోతే మళ్ళీ వెళ్తాను. ఆ గడిలో మళ్ళీ అదే మాట రాస్తాను.

ఏ జ్వరమూ లేని,
నీ మోజెస్