కళ్లు మూసుకుంటే పడిపోతాను

3 మార్చి 2025, సోమవారం

ఎక్సర్‌సైజ్ డాక్టరమ్మ రాయమన్నది. తల ఎప్పుడు తిరిగింది, ఎంతసేపు తిరిగింది, ఏం చేస్తుంటే తిరిగింది, అన్నీ నోట్‌బుక్కులో రాసి వచ్చే నెల తెచ్చి చూపించమన్నది. నేను ఏడో తరగతి వరకే చదివాను మేడం అన్నాను. నాకు అర్థమైతే చాలు అన్నది.

మంచం మీద నుంచి లేచేటప్పుడు. రెండు నిమిషాలు.

కసువు ఊడ్చడానికి వంగితే. కొద్దిగా.

ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే. గోడ పట్టుకున్నాను.

4 మార్చి

నోట్‌బుక్కు తిరగేసి వెనక పేజీ నుంచి మొదలుపెట్టాను. ఇది డాక్టరమ్మకు చూపించేది కాదు.

జనవరి 20న పడ్డాను. మా ఇంట్లో మిద్దె మీదికి మెట్లంటే గోడలో నుంచి బయటికి పొడుచుకొచ్చిన నాపరాళ్లు. అంతే. పట్టుకోడానికి ఏమీ ఉండదు. కాపురానికి వచ్చిన మూడేళ్లలో వాటి మీద ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్క లేదు. ఆ రోజు ఎండు మిరపకాయల గంప నెత్తిన పెట్టుకుని దిగుతున్నాను. నీళ్ల తొట్టి అంచు తలకు తగిలిందట. నాకు ఆ సంగతే గుర్తు లేదు. గుర్తున్నది కర్నూలు ఆసుపత్రిలో ఫ్యాను. అది ఆగి ఉన్నా తిరుగుతున్నట్టే కనిపించింది.

మెదడు బాగా అదిరింది, తగ్గుతుంది, కానీ నెలలు పట్టొచ్చు అన్నారు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. మా అత్త ప్రేమమ్మ ఆ రెండో మాట మాత్రమే ఊరంతా చెప్పింది. స్కాన్ క్లీనుగా వచ్చినాది, దేవుని మేలు అని. అప్పటి నుంచి నేను తూలితే అందరూ నా ముఖం చూస్తారు, ఎందుకు ఇట్ల చేస్తుంది అన్నట్టు.

5 మార్చి

మా పాప బ్లెస్సీని తీసుకెళ్లి పదిహేను రోజులు. పాపకు పదో నెల. నేను లేకుండా పదో నెల వచ్చింది.

ఫిబ్రవరి 17న పాపను చంకలో వేసుకుని గడప దాటుతున్నాను. అత్త వెనక నుంచి పిలిచింది. తల తిప్పాను. నేల ఒక పక్కకు లేచి వచ్చినట్టయింది. గోడకు ఒరిగి జారిపోయాను. పాప తల గడప రాయికి జానెడు దూరంలో ఆగింది. అత్త అరవలేదు. వచ్చి పాపను తీసుకుంది. మరునాడు మా ఆయన అక్క రెజీనా వదిన ఆత్మకూరు నుంచి వచ్చింది. నీకు బాగయ్యేదాకా నాకాడ ఉంటాదిలే, నాకేమన్నా సరదానా స్తుతీ, నా ఇద్దరితోనే సగం సచ్చి ఉండా అన్నది. నిజమే. ఆమెకు సరదా కాదు.

అత్త చూడనిది ఇంకొకటి ఉంది. అంతకు ముందు వారం నిజంగానే పడేశాను. మంచం పక్కన, ఎత్తుకుని వంగినప్పుడు. నుదురు బొప్పి కట్టింది. ఉయ్యాల కట్టె తగిలిందని చెప్పాను. అందరూ నమ్మారు.

9 మార్చి, ఆదివారం

చర్చికి వెళ్లాను. మా చర్చిలో ప్రార్థన అంటే అందరూ లేచి నిలబడి కళ్లు మూసుకోవాలి. చిన్నప్పటి నుంచి అలవాటే. ఈరోజు మూసుకోగానే వెనక్కి పోయాను. వెనక ఉన్న ఆవిడ వీపుకు చేయి అడ్డం పెట్టింది. తర్వాత ఇక మూసుకోలేదు. గోడ గడియారం వైపే చూస్తూ నిలబడ్డాను. డాక్టరమ్మ చెప్పింది, నీకిప్పుడు కళ్లే కాళ్లు అని.

అందరూ కళ్లు మూసుకున్న చర్చిని ఇదివరకు చూడలేదు. ముందు వరసలో ఊరి పెద్దాయన ప్రేమయ్య తాత నిలబడే నిద్రపోతున్నాడు. పిల్లలు బయట చెప్పులు కలిపేస్తున్నారు. చూడకూడనిది చూస్తున్నట్టు సిగ్గేసింది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో తూలాను. మా పక్కింటి సుబ్బలక్ష్మమ్మ అరుగు మీద నుంచి చూసి, ఏమ్మా స్తుతీ, ఈరోజు మీ సర్చిలో ద్రాక్షరసం గట్టిగానే పోసినట్టుండారే అన్నది. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

13 మార్చి, గురువారం

మా చర్చి పాస్టరు యేసుప్రసాద్ అయ్యగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. నా తలకు నూనె రాశారు. అంతసేపూ నేను ఆయన చొక్కా గుండీ చూస్తూ నిలబడ్డాను. ఆమెన్ అన్నాక ఆయన అత్తతో, అమ్మాయి కండ్లు మూసుకోలేదమ్మా అన్నారు. మెల్లగానే అన్నారు. ఆయన మూసుకుని ఉంటే ఎలా చూశారు? ఈ మాట అడిగే ధైర్యం నాకెక్కడిది.

అత్త గిన్నెలు కడుగుతూ అన్నది, కండ్లు తెరుసుకుని నిలబడితే దేవుడెట్ల వింటాడే, ఆయన్ని కాపలా కాస్తాండావా అని.

16 మార్చి, ఆదివారం

అత్త మొక్కుబడి సంగతి ఈరోజు తెలిసింది. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడే చేసుకుందట. మూడు శుక్రవారాలు ఉపవాసం ఉంది, షుగర్ ఉన్నా. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు నేను అందరి ముందు నిలబడి, దేవుడు నన్ను పూర్తిగా బాగు చేశాడని సాక్ష్యం చెప్పాలి. ఇప్పుడు దానికి పాపను కూడా కలిపింది, ఆ రోజు వదిన పాపను తెస్తుంది. అత్త తన చేత్తో పాపను నా చంకకు ఇస్తుంది. ఇక పాప మా ఇంట్లోనే ఉంటుంది.

బాగు కాలేదు కదా అత్తా అన్నాను. గట్టిగా అనలేదు. వినిపించిందో లేదో అనుకున్నాను. వినిపించింది. ముందు నోటితో ఒప్పుకోవాల, అప్పుడు ఒళ్లు ఇంటాది అన్నది. ఇంకొకటి కూడా అన్నది. సాచ్చెం చెప్పినాంక ఇంగ ఆ కర్నూలు ఎక్సర్‌సైజులు, గోడ పట్టుకుని నడుసుకోడం ఏమీ ఉండగూడదు. బాగయిందని చెప్పి మళ్ల డాక్టరు కాడికి పోతే దేవుణ్ణి అబద్ధాలకోరును చేసినట్టు.

చెప్తే పాప వస్తుంది. వస్తే నా చేతుల్లోకే వస్తుంది. ఈ చేతుల్లోకి.

22 మార్చి, శనివారం

అత్త పొద్దున్నే, మిద్దె మీద కాయలు తిప్పి రాపో అన్నది. పడిన సోటే ఎక్కితే భయం పోతాదన్నది.

గోడకు చెంప ఆనించి ఎక్కాను. ఒక్కో రాయి మీద రెండు కాళ్లూ పెట్టి, ఆగి. పైకి వెళ్లాక మిద్దెంతా ఎర్రగా పరిచిన మిరపకాయలు. ఎండలో ఆ ఎరుపు కదులుతున్నట్టు ఉంది. కాళ్లతోనే కాయలు తిప్పాను. దిగడానికి అంచుకొచ్చి కిందికి చూశాను. తొట్టి కనిపించింది. నీళ్లలో ఆకాశం ఊగుతోంది. వెనక్కి వచ్చి కూర్చున్నాను.

ఏం చేస్తాండావే పైన అని అత్త అరిచింది. తెల్లబడిన తాలు కాయలు ఏరుతున్నా అన్నాను. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఏరాను. మిరప ఘాటుకు ముక్కు, కళ్లు కారుతూనే ఉన్నాయి. అది మేలైంది.

మధ్యాహ్నం అన్నానికి ఆయన వచ్చారు. మా ఆయన పేరు శామ్, రెడ్డిగారి ట్రాక్టరు నడుపుతారు. పైకి వచ్చి నన్ను చూశారు. తాను ముందు దిగుతూ, నా పాదం ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకుని రాయి మీద పెట్టారు. పసిపిల్లకు చెప్పులు తొడిగినట్టు. అత్త పెరట్లో ఉంది, చూడలేదు.

అన్నం తింటూ, సాచ్చెం రెండు మాటలే గదా, చెప్పేయ్, పాప వస్తాది, మిగతాది నేను సూసుకుంటా అన్నారు. ఆరింటికి ట్రాక్టరెక్కి రాత్రికి దిగే మనిషి ఎలా చూసుకుంటారో అడగలేదు.

23 మార్చి

చర్చికి వెళ్లలేదు. కడుపునొప్పి అన్నాను. అబద్ధాలు చెప్పడం వస్తోంది.

29 మార్చి

వదిన వీడియో కాల్ చేసింది. పాప ఫోనును నాకింది. తెరంతా తడి, నాలుక, ఒక పన్ను. కొత్త పన్ను. తర్వాత వదిన కొంగు పట్టుకుని అమ్మ అన్నది. వదిన గబగబా, అందరినీ అట్లే అంటాది, నిన్న కుక్కను గూడా అమ్మ అనె అన్నది. నన్ను నవ్వించాలని. నవ్వాను.

ఫోను కదులుతుంటే తల తిరిగి మధ్యలో పెట్టేయాల్సి వచ్చింది. నాలుగు నిమిషాలు. ఇది ముందు పేజీల్లో రాశాను.

3 ఏప్రిల్, గురువారం

కర్నూలు. డాక్టరమ్మ ముందు పేజీలు చదివింది. కళ్లు తెరిచి నిలబడటం చాలా మెరుగైందన్నది. తర్వాత పాదాలు దగ్గర పెట్టి కళ్లు మూసుకోమన్నది. నాలుగు లెక్కపెట్టింది. అయిదుకు ఆమె చేతుల్లో ఉన్నాను.

ఇంకా రెండు మూడు నెలలు పడుతుంది, ఎక్సర్‌సైజులు ఒక్కరోజు కూడా మానొద్దు, నిలబడి పాపను ఎత్తుకోవద్దు అన్నది. ఆయన పక్కనే ఉన్నారు. బస్సులో నందికొట్కూరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఇంటికొచ్చాక అత్త అడిగితే, బాగుందన్నారు మా అని లోపలికి వెళ్లిపోయారు.

8 ఏప్రిల్

నేను సాక్ష్యం చెప్తానని అత్త అందరికీ చెప్పేసింది. సుబ్బలక్ష్మమ్మ కూడా వస్తుందట, చూడ్డానికి.

12 ఏప్రిల్, శనివారం

స్నానాల గదిలో తలుపు వేసుకుని చెప్పి చూసుకున్నాను. నా పేరు స్తుతి. దేవుడు నన్ను. అక్కడ ఆగిపోతుంది.

అబద్ధం చెప్తే దేవుడు ఏం చేస్తాడో అని కాదు నా భయం. చర్చి నేలంతా నాపరాయి.

13 ఏప్రిల్, మట్టల ఆదివారం, పొద్దున 5

నిద్ర లేదు. ఎడమ పక్కకు ఒరిగితే తల తిరుగుతోంది.

13 ఏప్రిల్, సాయంత్రం

ముందు నుంచి రాస్తాను.

ఊరేగింపులో అందరి చేతుల్లో ఈత మట్టలు. ముందూ వెనకా పక్కలా అన్నీ ఊగుతున్నాయి. ఎటు చూసినా నిలకడగా ఒక్కటీ లేదు. ఆయన చొక్కా వెనక పట్టుకుని, కాలరు దగ్గర కుట్టు మాత్రమే చూస్తూ నడిచాను. వదిన చర్చి దగ్గర ఎదురైంది. పాప నన్ను చూసి వదిన మెడలో ముఖం దాచుకుంది.

వాక్యం అయ్యాక అయ్యగారు నా పేరు పిలిచారు. అత్త వదిన చంకలో నుంచి పాపను లాగి తెచ్చి నాకిచ్చింది. బరువు పెరిగింది. ఏడుస్తూ వెనక్కి వంగుతోంది. అయ్యగారు, ముందు ప్రార్థన చేసుకుందాం, అందరం కండ్లు మూసుకుందాం అన్నారు.

అందరూ మూసుకున్నారు. అత్త, ఆయన, వదిన. నేను ఒక్కదాన్నే కళ్లు తెరుచుకుని ఉన్నాను. పాప వంగిన కొద్దీ నేనూ వంగుతున్నాను. అప్పుడు తెలిసింది, ఇప్పుడు నేను పడినా ఎవరూ చూడరు. చప్పుడు మాత్రం వింటారు.

మోకాళ్లు మడిచాను. ఒక చేయి కింద ఆనించి మెల్లగా నేల మీద కూర్చున్నాను. పాపను ఒళ్లో పెట్టుకున్నాను. రాయి చల్లగా ఉంది. ఇంకా కింద పడటానికి చోటు లేదు.

ఆమెన్ అని అందరూ కళ్లు తెరిచారు. నేను ఉండాల్సిన చోట లేను. అయ్యగారు వంగి మైకు అందించారు. లేయే అని అత్త పళ్ల మధ్య నుంచి అన్నది. లేవలేదు. మైకులో అన్నాను. నాకు బాగు కాలేదు. కళ్లు మూసుకుంటే పడిపోతాను, అందుకే మూసుకోలేదు. పాపను ఒకసారి పడేయబోయాను. ఒకసారి పడేశాను, ఉయ్యాల కట్టె అని చెప్పాను. కింద కూర్చుంటే పట్టుకోగలను.

ప్రేమయ్య తాత అలవాటుగా ఆమెన్ అన్నాడు. అయ్యగారు మైకు తీసుకుని పాట నంబరు చెప్పారు.

ఇంటికి రాగానే అత్త అన్నది, మూడు శుక్రవారాలు ఎండినానే, అందరి ముందర నా మొగం నేలకేసి రుద్దితివి, బిడ్డను పడేసి నాతో అబద్ధం చెప్తివి. అన్నీ నిజమే. నేను గోడకు ఆని కూర్చుని విన్నాను. వదిన పాప గుడ్డలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆయన, పాప ఈడనే ఉంటాది అన్నారు. పడేస్తే అని అత్త అడిగింది. కిందనే కూసోనుంటే యాడ పడేస్తాది మా అన్నారు. డాక్టరమ్మ బాగుందన్నాదని నువ్వే గదరా చెప్తివి అని అత్త అన్నది. నేనూ అబద్ధమే చెప్పినా అన్నారు. కర్నూలుకు మళ్ల తీసుకపోతా అని కూడా అన్నారు.

అత్త లోపలికి పోయి బొంత తెచ్చి నా ముందు పడేసింది. పరచలేదు. పడేసింది. వదిన పాపను దాని మీద కూర్చోబెట్టి బస్సుకు వెళ్లిపోయింది.

పాప నా దగ్గరికి ఇంకా రాలేదు. బొంత ఆ కొసన ఉంది. నేను ఈ కొసన.

15 ఏప్రిల్

రాత్రి ఏడ్చి ఏడ్చి నా ఒళ్లోకే వచ్చింది. వదిన లేదు కాబట్టి వచ్చింది. అయినా వచ్చింది.

17 ఏప్రిల్, గురువారం, మధ్యాహ్నం

ఆయన ట్రాక్టరు మీద, అత్త చేలో. పాప ఏమీ పట్టుకోకుండా బొంత మీద నిలబడింది. ఆరు లెక్కపెట్టాను. కూలబడి, మళ్లీ లేచి, తెరిచి ఉన్న వాకిలి వైపు చూసింది.

రేపో ఎల్లుండో అడుగు వేస్తుంది. అప్పుడు నేను లేవాలి.