పంజా బిగించడం గంటన్నర పని

అన్నా,

ఎలా ఉన్నావని అడిగితే నవ్వుతావు. నువ్వు పోయి ఈ రోజుకు నలభై నాలుగు రోజులు.

ముందుగా ఒక బహిరంగ క్షమాపణ. నీ బండి సీటు వెనక్కి జరిపినందుకూ, నీ పదిహేడో నంబరు స్పానరు పోగొట్టినందుకూ, నీ గ్లాసులో నేను టీ తాగినందుకూ, మెకానికల్ ఇంజనీరింగ్ అనే మహాశాస్త్రానికి నా వల్ల కలిగిన తలవంపులకూ, ఈ ఉత్తరంలో ఇకపై దొర్లబోయే సకల అపచారాలకూ నిండు హృదయంతో, రెండు చేతులూ జోడించి, క్షమాభిక్ష వేడుకుంటున్నాను.

నిజానికి సీటు జరిపింది మునిరాజప్ప. స్పానరు నీ చేతిలోనే పోయింది. అయినా అడగాలనిపించింది...

ఇక సంగతులు.

డెంకణికోట దగ్గర నీలగిరి తోపులో నువ్వు ఎత్తగా మిగిలిన దుంగలు ఇంకా అక్కడే పడి ఉన్నాయి. లారీకి ఎక్కించాలి. సోమవారం నుంచి పని మొదలుపెడతామని వదిన తోపు యజమానికి మాటిచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? ఇంటికి ఆ మట్టి తవ్వే పసుపు బండి తప్ప ఇంకేముంది? నా డిగ్రీ ఉంది. అది గోడకు వేలాడుతోంది. మేకు గట్టిదే.

ఇప్పుడు బండి నడిపేది మునిరాజప్ప. ఎనిమిదేళ్లు నీ పక్కన ఉండి దుంగలకు గొలుసు కట్టినవాడు. గురువారం అతను టూల్ బాక్సులో ఏదో సర్దుతుంటే తొంగి చూశాను. గొలుసు. అదే గొలుసు. కడిగి, నూనె రాసి, చుట్టి పెట్టుకున్నాడు.

“ఏం చేసేదప్పా, చేత్తో ఎత్తలేము గదా” అన్నాడు.

ఇకమీదట కింద నిలబడి గొలుసు కట్టేది ఎవరో తెలుసా? అతని బావమరిది వెంకటేశు. ఇద్దరు పిల్లల తండ్రి.

“ఎత్తిన కట్టె కింద మనిషి ఉండకూడదప్పా. ఉండాల్సి వస్తే నేనుంటా” అనేవాడివి. అన్నంత పనీ చేశావు. ఆ శుక్రవారం దుంగను ఎత్తిన గొలుసు బకెట్ పళ్ల మీద పక్కకు జరిగిందని, మునిరాజప్పను ఆగమని నువ్వే దిగావు. సర్దుదామని చెయ్యి పెట్టావు... దుంగ ఆగలేదు.

అందుకే పంజా.

గొలుసు పని మానేయాలని నువ్వే కృష్ణగిరిలో చేయించి తెచ్చిన గ్రాబ్. రెండు వైపులా మూడేసి వంకర వేళ్లు, నూనె ఒత్తిడితో మూసుకుని, తెరుచుకుని, దుంగను ఎత్తిపెట్టే ఇనుప చెయ్యి. తెచ్చిన రోజు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి పంజా అని పేరు పెట్టావు. వీధిలో అందరూ వినేలా, “అడివిలో ఏనుగు తొండంతో చేసే పని, మనం ఆరు వేళ్లతో చేయాల. బిగించేది మా ఇంజనీరు. నేను టెన్తు ఫెయిలు, నాకేం తెలుసు?” అన్నావు. ఎంత గొప్పగా చెప్పుకున్నావో... నేను కూడా ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఫోటో కూడా ఉంది.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాను. సోమవారంలోగా పంజా పనిచేయాలి, లేకపోతే గొలుసు బయలుదేరుతుంది. బకెట్ పిన్నులు రెండూ సుత్తితో కొట్టి తీశాం. బకెట్ దించాం. దాని చోట పంజా వేలాడదీశాం. అంతవరకు భుజబలం చాలు, చదువు అక్కర్లేదు.

ఆ తర్వాత వాల్వు. రాళ్లు పగలగొట్టే బ్రేకరుకు మన బండిలో పైపు ఉంది కదా, అది నూనెను ఒకవైపే నెడుతుంది. పంజాకు రెండు వైపులా నెట్టాలి... మూయడానికి ఒకసారి, తెరవడానికి ఒకసారి. ఆ దారి మార్చేది వాల్వు. దానికి నాలుగు రంధ్రాలు. నా చేతిలో నూనె పారే నాలుగు రబ్బరు హోసులు. ఏది ఎక్కడ?

మూడో సంవత్సరం పరీక్షలో ఇదే బొమ్మ గీసి పద్నాలుగు మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. బొమ్మను నాకు తలకిందులుగా గీయడం కూడా వచ్చు. హోసు చేతికి వచ్చేసరికి ఆ బొమ్మ ఎక్కడికి పోయింది?

మొదటిసారి బిగిస్తే పంజా ఇంటి పక్క షెడ్డులో ఉన్న దుంగను పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. మధ్యాహ్నం దాకా దాన్ని కౌగిలించుకునే ఉంది. వీళ్లిద్దరికీ ముహూర్తం పెట్టించాలేమో అన్నాను. ఎవరూ నవ్వలేదు.

హోసులు మార్చాను. ఈసారి తెరుచుకుంది, మూసుకుంది. దుంగను పైకి ఎత్తించాను. మనిషి ఎత్తు దాకా వెళ్లింది. అక్కడ, ఎవరూ ఏ లివరూ ముట్టుకోకుండానే, వేళ్లు మెల్లగా వదులయ్యాయి...

దుంగ పడిన చోట ఎవరూ లేరు. కానీ వదిన వాకిట్లో ఉంది. ఆ చప్పుడు విన్నది. చేతిలో చీపురు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

“వద్దప్పా, గొలుసే మేలు. అది ఎట్ల జారుతుందో నాకు తెలుసు. దీనిది తెలీదు” అన్నాడు మునిరాజప్ప.

నాకు ఒక్క జోకూ తోచలేదు. నమ్ముతావా?

ఆదివారం తెల్లవారగానే హోసూరు వెళ్లాను, నీకు హోసులు చేసిచ్చే తమిళాయన ఇంటికి. ఆయన పళ్లు తోముకుంటున్నాడు. నాకు తెలియదు, చేతకాలేదు, రేపటికి కావాలి, రండి అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నా నోటి నుంచి ‘నాకు తెలియదు’ అన్న మాట రావడం అదే మొదటిసారి. ఆకాశం విరిగి పడుతుందనుకున్నాను. ఆయన నోరు కడుక్కుని, చెప్పులు వేసుకుని నా బైకెక్కాడు. అంతే.

వచ్చి రెండు హోసులు విప్పి అటూ ఇటూ మార్చాడు. వాల్వుతో పాటు పార్సిల్లో వచ్చిన ఒక చిన్న ముక్కను నేను స్పేరు అనుకుని డబ్బాలో పడేశాను. అదట అసలు సంగతి. నూనె వెనక్కి జారకుండా పట్టుకునేది, హోసు తెగినా వేళ్లు వదలకుండా చూసేది. దాన్ని బిగించాడు. ఇంజను మెల్లగా తిప్పి, గాలి పోయేదాకా పంజాను పదిసార్లు మూయించి తెరిపించాడు. కారుతోందేమోనని నేను చెయ్యి పెట్టబోతే, ఆ ఒత్తిడికి నూనె చర్మంలోకి దూసుకుపోతుందని లాగేసి, అట్టముక్క ఇచ్చాడు.

దుంగను ఎత్తి, ఇంజను ఆపేశాం. టీ తాగాం. దుంగ అలాగే ఉంది. ఇంకో టీ తాగాం. అంగుళం కూడా దిగలేదు.

మునిరాజప్ప ఎవరూ చెప్పకుండానే టూల్ బాక్సులో గొలుసు తీసి పాత ఇనుము కుప్పలో పడేశాడు.

టీలతో కలిపి మొత్తం గంటన్నర. అన్నా, గంటన్నర.

తమిళాయన చేతులు తుడుచుకుంటూ, “మీ అన్న నన్ను రెండుసార్లు అడిగినాడప్పా. వాల్వు వస్తానే పిలుస్తా, మావాడికి తోడుగా ఉండు అని. ఎప్పుడొచ్చింది ఇది?” అన్నాడు.

వదిన నా వైపే చూస్తోంది. తర్వాత వచ్చింది అన్నాను. తర్వాత... దేని తర్వాత?

రేపు పొద్దున బండితో పాటు నేనూ తోపుకు వెళ్తున్నాను. ఎత్తిన దుంగ కింద ఎవరినీ నిలబడనివ్వను. అది నీకు నా మాట. వెళ్లే ముందు వదినకు చెప్తాను. వదిన కంటే ముందు నీకు చెప్పాలని ఈ ఉత్తరం.

పార్సిల్ మంగళవారం వచ్చింది, నువ్వు పోవడానికి మూడు రోజుల ముందు. సంతకం పెట్టి తీసుకున్నది నేనే. విప్పాను. నాలుగు రంధ్రాలూ చూశాను. మళ్లీ మూసి మంచం కిందకు తోశాను.

శుక్రవారం పొద్దున నువ్వు బూట్ల తాళ్లు కట్టుకుంటూ, “వాల్వు వచ్చిందా అప్పా?” అని అడిగావు. బిగించడం రాదని నీతో చెప్పడానికి సిగ్గేసింది.

ఇంకా రాలేదన్నాను.