పోని ఎర్ర గీత

విరుదునగర్

అన్నకు రేవతి నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, వదిన ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ చేస్తే మగ్గాల మోతలో నా మాట నీకు సగం వినబడదు, అందుకే రాస్తున్నాను.

ఎండ మాత్రం మన నగరి ఎండకి పెద్దన్న. గాలి వీస్తే చాలు, ఇక్కడి మండీల్లోని మిరపకాయల ఘాటుకు తుమ్ములే తుమ్ములు. నేనుండే ఇంటావిడ కోవిల్‌పట్టి మనిషి, వాళ్ళింట్లో తెలుగే. పుట్టింటికి వెళ్ళొచ్చినప్పుడల్లా నాకు వేరుశనగ మిఠాయి తెస్తుంది. నా తెలుగుకు ఆమె నవ్వుతుంది, ఆమె తెలుగుకు నేను నవ్వుతాను.

నిన్నటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదన్నా. నా పని తెలుసు కదా. కంప్యూటర్లో పుస్తకంలోని ప్రతి ముక్కకీ ఇది శీర్షిక, ఇది హెచ్చరిక అని ట్యాగులు పెడతాం. ఏ ముక్క ఎక్కడుండాలో పుస్తకం ఇచ్చిన కంపెనీవాళ్ళ నియమాలుంటాయి. తప్పితే ఎర్ర గీత పడుతుంది. గీత ఉన్న ఫైలు బయటికి పోకూడదు.

ఈసారి వచ్చింది మరమగ్గం బాగుచేసే పుస్తకం. 'లోపల చెయ్యి పెట్టండి' అన్నదానికి ముందు 'మోటారు ఆపండి' అని హెచ్చరిక. నియమాల్లో దానికక్కడ చోటు లేదు, ఎర్ర గీత పడింది. "చివరికి తోసెయ్, సాయంత్రానికి పంపాలి" అన్నాడు మా టీం లీడరు సెల్వం. తోశాను. గీత పోయింది. అంతా సరిగ్గా ఉందంది కంప్యూటరు. నాకు మగ్గంలో తెగిన నీ వేలు కళ్ళ ముందు ఆడింది.

మళ్ళీ ముందుకే తెచ్చాను. గీతా వచ్చింది. "నియమం మార్చమని వాళ్ళనడగండి, నేను జరపను" అన్నాను. ఫైలు ఆగిపోయింది. సెల్వం ముఖం మాడ్చుకున్నాడు. నన్ను పర్మనెంటు చేస్తారో లేదో ఈ నెలలోనే తేలాలి. మేనేజరు సోమవారం రమ్మన్నాడు.

అన్నం ముందు కూర్చుని లేచిపోతే ఇంటావిడ అడిగింది, "ఏమి పాపా, కూడు ముట్టకనే లేస్తివే?" చెప్పాను. "చెయ్యి పోయినంక జాగ్రత్త అంటే ఏం లాబం? నువ్వు చేసింది సరిదాన్, తిను" అంది. తిన్నాను. అయినా భయంగానే ఉంది.

గోంగూర పచ్చడి ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. ఉద్యోగం పోతే పెట్టె సర్దుకుని నేనే వచ్చి తింటాను, తిట్టొద్దు. నాకు మంచి జరగాలని అమ్మను దీవించమను. పెద్దమ్మకు నా దండాలు.

వేలు పోయాక కూడా నువ్వు మోటారు ఆపకుండానే చెయ్యి పెడుతున్నావని వదిన చెప్పింది. నీ వేలు తలుచుకునే నేనిక్కడ ఉద్యోగం మీదికి తెచ్చుకున్నాను. మోటారు ఆపి చెయ్యి పెట్టన్నా.

నీ చెల్లెలు
రేవతి