సూప్ గొడవ

మంగళవారం, స్లైగో, ఐర్లాండ్

మధ్యాహ్నం సార్ సూప్ చల్లారిపోయిందని గిన్నె తోసేసి నానా యాగీ చేశారు. నేను వేడి చేసి తెచ్చేసరికి ఫిట్స్ టాబ్లెట్ కప్పు ఖాళీ. వేసుకున్నారనుకుని చార్టులో సంతకం పెట్టేశాను.

ఇంటికొచ్చి అంట్లు తోముతుంటే సార్ చెప్పిన కుక్క సంగతి గుర్తొచ్చింది. సోవియట్ కాలంలో నాటకాలూ సినిమాలూ రాసిన మనిషి ఆయన. వృద్ధులుండే మా నర్సింగ్ హోమ్‌లో ఆ కబుర్లు నాకొక్కదానికే చెబుతారు. ప్రతి స్క్రిప్టులోనూ కథకి సంబంధం లేని కుక్కనొకదాన్ని కావాలనే పెట్టేవారట. సెన్సార్ ఆఫీసరు ఆ కుక్కని కొట్టేసి తృప్తిగా వెళ్ళిపోయేవాడట. ఆయన దాచిన అసలు మాట భద్రంగా ఉండిపోయేదట.

ఇవాళ ఆ సూపే కుక్క. నా బుర్రకి అప్పుడే తట్టి చావలేదు!

వెంటనే నైట్ డ్యూటీలో ఉన్న మేరీ అక్కకి ఫోన్ చేసి సార్ గది వెతకమన్నాను. సంతకం సంగతి కూడా దాచలేదు. రేపు మేనేజరు ఏమంటుందో ఏమో.

పావుగంటకి అక్క తిరిగి చేసింది. "ఆయన కళ్ళజోడు పెట్టెలో ఐదు టాబ్లెట్లు దొరికాయే. డాక్టరుకి చెప్పాను."

ఐదా! ప్రభువా, ఫిట్స్ వచ్చి పడిపోయుంటే? ఆ మందుతో మత్తుగా ఉంటోందని, ఆఖరి నాటకం ముందుకి సాగట్లేదని పోయిన వారమే నాతో మొత్తుకున్నారు. "అదే తగ్గుతుందిలెండి సార్" అనేసి ఊరుకున్నాను.

"ఆయన ఏమన్నా అన్నారా అక్కా?"

"నాకేం అర్థం కాలేదు గానీ, 'ఆ అమ్మాయి కూడా ఆఫీసరేనా?' అన్నారే."