పెడల్‌కు పెట్టిన బొట్టు

2012, దసరా వెళ్లాక వచ్చిన ఆదివారం. కామారెడ్డి.

ఎల్లారెడ్డిలో ఇవాళ పరువు పోయింది. నేనొక్కణ్నే వాయించే సోలో దగ్గర, గిటార్‌కు తగిలించి కింద పెట్టిన పెడల్ మీది స్విచ్ కాలితో నొక్కితే గిటార్ అరవాలి. మూగబోయింది. మళ్లీ మళ్లీ తొక్కాను. జనం ఈలలు వేశారు.

స్టేజీ దిగగానే మా ఆర్కెస్ట్రా నడిపే రాజన్న అందరి ముందే అందుకున్నాడు.

"దసరా నాడు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టినం. పూజ చేసినదాన్ని కాలుతోని తొక్కుతవార? గందుకే గిట్లయింది."

"అన్నా, అది తొక్కనీకే ఉంటది."

"నోరు ముయ్."

మిగతావాళ్లూ ఆయనకే తల ఊపారు.

ఇంటికొచ్చి పెడల్ విప్పాను. కొబ్బరినీళ్లతో పాటు దిగిన కుంకుమ స్విచ్ లోపల ఎర్రగా గట్టిపడి ఉంది. ఆ రోజు నేను వద్దంటున్నా సరిగ్గా స్విచ్ మీదే బొట్టు పెట్టింది ఆయనే. దూదికి స్పిరిట్ అద్ది తుడిచి, ఆరబెట్టి నొక్కితే టక్కుమంది. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. చెప్తే మాత్రం వింటాడా...

రేపు దోమకొండలో ప్రోగ్రాం. స్విచ్ పనిచేస్తే ఆయన పూజ మహిమ. చేయకపోతే నా కాలి పాపం.